తాళములు చేసిన సత్యవ్రతుడు

గృహస్థు పొరుగూరికి పయనమగునపుడు తలుపు మూసి, తాళము వేసి, దానిని ఒకటి రెండు మారులు లాగి చూచి, తాళపుచెవిని భద్రముగ దాచుకొని బయలుదేరును. ఆ చిన్న ఇనుపముక్క తన చేతిలో నున్నంతకాలము ఇల్లు క్షేమముగ నుండునని అతని ధైర్యము. కాని అట్టి తాళపుచెవి వేరొకరి చేతిలో లేదని చెప్పగలవారెవరు? పొరుగువాని తాళపుచెవి ఆ తాళమునకు పట్టదని నిశ్చయమేమి? తాళము చేసినవాడే మారుతాళపుచెవి నొకదానిని చేసి తనయొద్ద నుంచుకొనలేదని నమ్ముట యెట్లు? ఆలోచించి చూచినచో, మనము తాళమును నమ్ముచున్నామనుట కంటె దానిని చేసినవానిని నమ్ముచున్నామనుటయే సత్యము. ఈ సంగతిని బాగుగ గ్రహించి, ఆ నమ్మకమునకు తగిన తాళములను మనదేశముననే తయారు చేయించిన మహనీయుడు అర్దేషిర్ గోద్రెజ్.

అర్దేషిర్ 1868వ సంవత్సరమున బొంబాయి నగరమున ఒక పారశీక కుటుంబమున జన్మించెను. తండ్రి పేరు బుర్జోర్జీ. ఆరుగురు సంతానములో అర్దేషిరే పెద్దవాడు. ఆయనకు మూడేండ్లు నిండని కాలముననే, 1871లో, తండ్రి తమ వంశనామమును గోద్రెజ్ అని మార్చుకొనెను. పారశీకులు అనేక శతాబ్దములకు పూర్వము పారశీక దేశమును విడిచి, సముద్రము దాటి, గుజరాతు తీరమున ఆశ్రయము పొందినవారి సంతతి. సద్భావము, సద్వచనము, సత్కార్యము అను మూడును వారి మతమునకు మూలస్తంభములు. ఈ మూడింటిలో రెండవది అర్దేషిరు జీవితమును మొదటినుండియు నడిపించినది.

ఆయన న్యాయశాస్త్రమును చదివెను. యౌవనమున వివాహమాడెను గాని ఏడాది తిరుగునంతలో, 1891లో, భార్య బచూబాయి దుర్మరణము పాలయ్యెను. ఆయన మరల వివాహమాడలేదు. సంతానము లేదు. మనస్సున కలిగిన ఆ గాయమును గూర్చి పలువురితో చెప్పుకొను స్వభావము ఆయనది కాదు. పనియందే మనస్సు నిలిపి కాలము గడుపసాగెను.

1894లో బొంబాయిలోని న్యాయవాదుల సంస్థ యొకటి ఆయనను ఒక వ్యాజ్యమును వాదించుటకై తూర్పు ఆఫ్రికా తీరమునగల జాంజిబారు ద్వీపమునకు పంపెను. పని సవ్యముగనే సాగుచుండెను. ఇంతలో తమ పక్షమువారి తరఫున చెప్పవలసిన ఒక విషయము నిజమా, కాదా యను సందేహము ఆయనకు కలిగెను. నిజమని తనకు తోచని మాటను నిజమని న్యాయస్థానమున పలుకుటకు ఆయన అంగీకరింపలేదు. కక్షిదారులు బ్రతిమాలిరి. తోడి న్యాయవాదులు నచ్చజెప్పిరి. ఇట్టి చిన్న విషయమునకు ఇంత పట్టుదల తగదనిరి. అర్దేషిరు తన నిశ్చయమును మార్చుకొనలేదు. ఆ వ్యాజ్యమును విడిచి స్వదేశమునకు మరలివచ్చెను. అంతటితో న్యాయవాద వృత్తికి స్వస్తి చెప్పెను. చదివిన చదువు, పెట్టిన ధనము, ముందున్న గౌరవము అన్నియు ఒక్క మాటకొరకు వదలుకొనిన ఆ యువకుని చూచి ఎందరో జాలిపడి యుందురు. ఆయన మాత్రము జాలిపడలేదు.

బొంబాయికి వచ్చిన పిదప ఆయన ఒక మందుల దుకాణమున సహాయకుడుగ చేరెను. శస్త్రచికిత్సకు వలయు కత్తులు, కత్తెరలు, పటకారులు మొదలగునవి విదేశములనుండి వచ్చుట చూచి, వానిని ఇక్కడనే ఏల చేయరాదని తలచెను. తండ్రి స్నేహితుడైన మేర్వాంజీ కామా యను పెద్దమనిషి మూడువేల రూపాయలు అప్పిచ్చెను. పరికరములు తయారయ్యెను. అవి నాణ్యమున విదేశపు సరకునకు తీసిపోలేదని కొనుగోలుదారుడును ఒప్పుకొనెను. కాని వానిపై భారతదేశమున చేయబడినవను ముద్ర యుండరాదని అతడు పట్టుబట్టెను. ఆ ముద్ర చూచినచో ఎవరును కొనరని అతని భయము. ఆ ముద్ర లేనిచో అమ్మనని అర్దేషిరు బదులు చెప్పెను. వస్తువు ఇక్కడ చేయబడినదనుట సత్యము. దానిని దాచుట అసత్యమునకు తోడుపడుటయే యని ఆయన అభిప్రాయము. బేరము చెడెను. వ్యాపారము మూతపడెను. జాంజిబారులో వృత్తిని పోగొట్టిన సత్యమే బొంబాయిలో వ్యాపారమును గూడ పోగొట్టెను.

ఆ దినములలో బొంబాయి వేగముగ పెరుగుచుండెను. నూలు మిల్లులు వెలసినవి. నానాదేశములనుండియు జనులు వచ్చి చేరుచుండిరి. ఒకరి మొగ మొకరెరుగని వీధులలో దొంగతనములును పెరిగినవి. నగరమున జరుగుచున్న దోపిడులను గూర్చి వార్తాపత్రికలో చదివిన అర్దేషిరునకు తాళములు చేయవలెనను ఆలోచన పుట్టెను. మొదటి యప్పు నష్టమైనను, మేర్వాంజీ కామా ఆయన యందలి నమ్మకమును కోల్పోలేదు. మరల ధనసహాయము చేసెను. 1897లో బొంబాయిలోని లాల్‌బాగున, గ్యాసు కంపెనీ ప్రక్కనున్న చిన్న పాకలో తాళముల కర్మాగారము మొదలయ్యెను. గుజరాతునుండియు మలబారునుండియు నేర్పరులైన పనివారు కొందరు వచ్చి చేరిరి. కామాకు బంధువైన బాయిస్ అను నతడు భాగస్వామిగ చేరి, కొలదికాలమునకే విడిపోయెను. అయినను అర్దేషిరు ఆ పేరును తొలగింపలేదు. ఆ సంస్థ పేరులో నేటికిని గోద్రెజ్ ప్రక్కన బాయిస్ అను పేరు నిలిచియున్నది.

అర్దేషిరు చేపట్టిన పని యెంత కష్టమైనదో తెలియుటకు తాళము పనిచేయు విధమును కొంత తెలిసికొనవలెను. బజారున అగ్గువకు దొరకు పాతకాలపు తాళములో రెండు మూడు అడ్డుపలకలు మాత్రముండును. తాళపుచెవి ఆ పలకలను తప్పించుకొని తిరిగినచో గడియ వీడును. కావున నేర్పరియైన దొంగ తాళపుచెవి పండ్లలో అనవసరమైన భాగమును అరగదీసి, ఒక్కదానితోనే పది తాళములు తీయగలడు. మేలైన తాళములో అడ్డుపలకలకు బదులు ఒకదానిపై నొకటి పేర్చిన పలుచని మీటలుండును. తాళపుచెవి పండ్లలో ఒక్కొక్కటి ఒక్కొక్క మీటను పైకెత్తును. ఏ మీట ఎంత లేవవలెనో అంతయే లేవవలెను. తక్కువ లేచినను గడియ కదలదు. ఎక్కువ లేచినను కదలదు. మీటలన్నియు ఒక్కసారిగ తమతమ స్థానములకు వచ్చినప్పుడే గడియ జరుగును.

ఇందలి లెక్క బాలురకు సులభముగ తెలియును. ఒక తాళమున నాలుగు మీటలున్నవనుకొందము. ఒక్కొక్క మీటకు ఆరు విధములైన ఎత్తులు పెట్టవచ్చుననుకొందము. అపుడు ఆరును నాలుగు మారులు హెచ్చవేయగా 1,296 భిన్నమైన తాళపుచెవులు ఏర్పడును. మీటలు ఆరైనచో ఆ సంఖ్య 46,656 అగును. కాని ఈ లెక్క కాగితముపై నిజమైనంత మాత్రమున చాలదు. పనివాడు మీటలను వెండ్రుకవాసి తేడా లేకుండ కోసినప్పుడే అది ఇనుమునందును నిజమగును. చేయి కొంచెము తప్పినను రెండు ఎత్తులకు నడుమ భేదము చెరగిపోవును. అప్పుడొకని తాళపుచెవి వేరొకని తాళమును తీయును. అర్దేషిరు తన తొలి తాళములకు లంగరు గుర్తు పెట్టి అమ్మెను. ప్రతి తాళమునకును దాని తాళపుచెవి వేరనియు, అది మరియొక తాళమును తీయజాలదనియు ఆయన హామీ యిచ్చెను. న్యాయస్థానమున సందేహాస్పదమైన మాట పలుకనొల్లనివాడు ఇచ్చిన హామీ యది.

తాళము ఎంత మేలైనదైనను మారుతాళపుచెవి యను చిక్కు తొలగదు. ఒక ఇంటిలో నలుగురుందురు. తాళపుచెవి ఒకటియే చాలదు. ఒక్కొక్కప్పుడది పోవును. అప్పుడు పనివానియొద్దకు పోక తప్పదు. పట్టణములలో వీధి ప్రక్కన కూర్చుండి, పండ్లు కోయని తాళపుచెవులను గుత్తిగ కట్టుకొని, ఆకురాయితో పనిచేయువారిని అందరును చూచియుందురు. ఇప్పుడు కొన్ని దుకాణములలో యంత్రమును వచ్చినది. అందొక ప్రక్క అసలు తాళపుచెవిని బిగింతురు. రెండవ ప్రక్క కొత్తదానిని బిగింతురు. అసలుదాని పండ్ల వెంబడి ఒక సూది జరుగుచుండగా, ఆ జాడనే కోతచక్రము కొత్తదానిని కోయును.

చేతిపనియైనను, యంత్రపు పనియైనను సూత్రమొక్కటియే. నకలు అసలును మించజాలదు. అరిగిన తాళపుచెవిని చూచి చేసినచో ఆ అరుగుదలయు కొత్తదానికి వచ్చును. నకలునకు నకలు తీసినచో ఒక్కొక్క మారు కొంచెము కొంచెము తప్పు చేరి, తుదకు తాళము మొరాయించును. అందుచేత తాళముతో వచ్చిన రెండవ తాళపుచెవిని వాడక దాచియుంచి, అవసరమైనప్పుడు దానినే మాదిరిగ ఇచ్చుట తెలివిగలవారి పద్ధతి. మంచి పనివాడు కోసిన పండ్ల అంచులను ఆకురాయితో నునుపుచేసి, తాళము తెచ్చినచో అందు పెట్టి త్రిప్పి చూపును. బలము చేయనక్కర లేక తిరుగుటయే సరియైన నకలునకు గుర్తు. ఇంటికి తెచ్చిన పిదప తలుపు తెరచియుండగనే పలుమారులు త్రిప్పి చూడవలెను; మూసి చూచిన పిమ్మట తప్పు తెలిసినచో బయట నిలువవలసి వచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది పనివాని నడవడి. తాళపుచెవిని మైనముపై నొకసారి అద్దుటకు రెప్పపాటు కాలము చాలును. ఆ అచ్చునుండి మరియొకటి చేయుట ఆ విద్య తెలిసినవానికి కష్టము కాదు. కనుక ఊరిలో చిరకాలముగ పనిచేయుచు, నలుగురికిని తెలిసిన పనివానియొద్దకే పోవుటయు, పని ముగియువరకు ఎదుటనే నిలుచుటయు, ఇంటి చిరునామాను తాళపుచెవికి కట్టకుండుటయు మేలు. నిజాయితీగల పనివాడు ఇందులకు నొచ్చుకొనడు. తన పని విలువ ఆ నమ్మకమునందే యున్నదని అతడెరుగును.

ఈ చిక్కును అర్దేషిరు తాళమునందే తీర్చుటకు యత్నించెను. ఆయన చేయించిన ఒక తాళమునకు గోర్డియన్ అని పేరు. దానికి రెండు తాళపుచెవులుండును. రెండింటిలో దేనితోనైనను తాళము వేయవచ్చును, తీయవచ్చును. కాని రెండవదానికి ఒక విశేష శక్తి గలదు. దానితో తాళము లోపలి అమరికనే మార్చవచ్చును. మార్చినంతట మొదటి తాళపుచెవి పనికిరాకపోవును. అనగా మొదటిది పోయినను, ఎవడైన దానికి నకలు తీసెనని యజమానునకు అనుమానము కలిగినను, రెండవదానితో లోపలి అమరికను మార్చినచో దొంగచేతిలోని నకలు వట్టి ఇనుపముక్క యగును. డిటెక్టర్ అను మరియొక విధమైన తాళమును ఆయన చేయించెను. వేరొక తాళపుచెవిని పెట్టి త్రిప్ప యత్నించినచో ఆ తాళము బిగిసిపోవును. యజమానుడు తన తాళపుచెవితో దానిని మరల సరిచేయవచ్చును. తాళము బిగిసియుండుట చూచినంతనే తాను లేనప్పుడు ఎవడో చేయిపెట్టెనని అతనికి తెలియును. నోరులేని తాళము చేత సాక్ష్యము చెప్పించిన నేర్పు అది.

తాళములలోని స్ప్రింగు మరియొక బలహీనత. మీటలను క్రిందికి నొక్కిపట్టు ఆ సన్నని తీగ త్రుప్పుపట్టి విరిగినచో అసలు తాళపుచెవి గూడ పనిచేయదు. సముద్రపు గాలి వీచు బొంబాయి వంటి ఊరిలో ఈ బాధ హెచ్చు. అర్దేషిరు పలు ప్రయోగములు చేసి, స్ప్రింగు లేకయే పనిచేయు తాళమును రూపొందించి దానికి పేటెంటు పొందెను. పిమ్మట ఆయన దృష్టి ఇనుప పెట్టెలపైకి మరలెను. దొంగకు లొంగనిది అగ్నికి లొంగినచో ప్రయోజనమేమని ఆయన తలచెను. నిప్పును గూడ తట్టుకొను ఉక్కుపెట్టెను రూపొందించి 1902లో విపణికి తెచ్చెను.

అది స్వదేశీ భావము దేశమంతట వ్యాపించుచున్న కాలము. అర్దేషిరు దేశాభిమాని. కాని స్వదేశపు వస్తువనెడి కారణముచేత నాసిరకపు సరకును ప్రజలచేత కొనిపించుట ఆయనకు సమ్మతము కాదు. మన వస్తువు పరదేశపు వస్తువుతో సమానముగనో, అంతకంటె మేలుగనో యుండవలెననియు, అదియే నిజమైన స్వదేశీ సేవయనియు ఆయన నమ్మెను. 1918లో జంతువుల కొవ్వు కలుపక నూనెలతో సబ్బును చేయించినపుడు దానికి ఛావి యని పేరు పెట్టెను. హిందీలో ఆ మాటకు తాళపుచెవి యని యర్థము. తన తాళములవలన వచ్చిన మంచిపేరే ఆ సబ్బునకు పెట్టుబడి యయ్యెను.

1921వ సంవత్సరము మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో మన బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. గాంధీజీ పాల్గొనిన ఆ సమావేశమున తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెనని తీర్మానించిరి. తెలుగు స్త్రీలు ఒంటిమీది నగలు విప్పి యిచ్చిన ఆ నిధికే అర్దేషిరు మూడు లక్షల రూపాయలు విరాళమిచ్చెను. మూడువేలు అప్పు చేసి వ్యాపారము మొదలుపెట్టిన మనుజుడు దేశమునకు దానికి నూరు రెట్లు సమర్పించెను.

అర్దేషిరు తమ్ముడు పిరోజ్‌షా వ్యాపార నిర్వహణమున దక్షుడు. అన్నగారు ప్రయోగములలో మునిగియుండ, తమ్ముడు కర్మాగారమును వృద్ధిచేసెను. 1928లో అర్దేషిరు వ్యాపారమును సంపూర్ణముగ తమ్మునకు అప్పగించి, నాసికకు పోయి వ్యవసాయము చేయుచు కాలము గడిపెను. తాళపుచెవుల గుత్తిని తమ్ముని చేతిలో నుంచి, తాను మట్టిని నమ్ముకొనెను. 1936లో ఆయన దివంగతుడయ్యెను.

ఆయన మరణించిన ఎనిమిదేండ్లకు ఆయన పనికి ఘోరమైన పరీక్ష వచ్చెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రేలుడు పదార్థములతో నిండిన ఫోర్ట్ స్టికీన్ అను ఓడ అంటుకొని ప్రేలెను. రేవును, పరిసరములును అగ్నికి ఆహుతియయ్యెను. మంటలు చల్లారిన పిదప శిథిలములనుండి గోద్రెజ్ ఇనుప పెట్టెలను తీసి తెరచి చూడగా, లోపలి వస్తువులు చెక్కుచెదరక యుండెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలకు లక్షల సంఖ్యలో ఉక్కు ఓటుపెట్టెలను చేసి యిచ్చిన సంస్థలలో ఆయన స్థాపించిన సంస్థయు ఒకటి. ఒకప్పుడు గృహస్థుని సొత్తును కాచిన నమ్మకము, అపుడు ప్రజల తీర్పును కాచెను.

అర్దేషిరు న్యాయవాదిగ నిలువలేదు. వైద్యపరికరముల వ్యాపారిగను నిలువలేదు. ఆ రెండు చోట్లను ఆయనను ఓడించినది ఆయన సత్యనిష్ఠయే. తాళముల పనిలో ఆయనను గెలిపించినదియు అదియే. ఏలయన, ఇతర వస్తువులను కొనువాడు వానిని చూచి, తాకి, తూచి కొనగలడు. తాళమును కొనువాడు దాని లోపలి భాగమును చూడలేడు. తాళపుచెవికి నకలు చేయించుకొనువాడు పనివాని మనస్సును చూడలేడు. అచ్చట కొనునది ఇనుము. దానితో కూడ పుచ్చుకొనునది ఒక మనుష్యుని మాట. వీధి ప్రక్కన ఆకురాయి పట్టిన పేదపనివాడు అడిగినన్ని తాళపుచెవులే చేసి, అచ్చు దాచుకొనక యజమానునకు అప్పగించునపుడు, అర్దేషిరు నడచిన దారినే అతడును నడచుచున్నాడు.